రాజకుమారి కమాను కత్తి

నాగాయలంక రేవులో పడవ నడిపే ఆడమనిషి రాజకుమారి ఒక్కతే. భర్త శ్రీనాథ్ నడుము దెబ్బతిని ఇంటిపట్టున ఉండిపోయాక ఆయన మోటారు పడవ ఆమె చేతికొచ్చింది. ఇంజను విప్పి బిగించడం ఆయన ఒడ్డున కూర్చుని నేర్పాడు. ఆటుపోట్లూ ఇసుకమేటలూ ఆమె తిరిగి తిరిగి తెలుసుకుంది. మడ అడవుల్లోకి పీతల కోసం వెళ్లే కోటమ్మ, రమణమ్మ ఆమె పడవే ఎక్కుతారు.

కిందటి వర్షాకాలంలో ఒక ఉదయం, వాళ్లిద్దరినీ ఎక్కించుకుని వెళ్తుండగా, కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఎవరో పారేసిన వల పడవ కింద నీళ్లలో తిరిగే ఫ్యానుకు చుట్టుకుంది. ఇంజను ఆగిపోయింది. ఆటు నీరు పడవను సముద్రం వైపు లాగడం మొదలుపెట్టింది. రాజకుమారి బందరులో కొన్న కత్తి తీసుకుని నీళ్లలోకి వంగింది. అద్దంలా మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి అది. అడవికైనా సముద్రానికైనా ఇదేనని చెప్పి అమ్మారు. నైలాన్ తాడు రెండు పోగులు తెగాయి. మూడోదాని కింద కత్తి దూర్చి మెలి తిప్పేసరికి పిడి దగ్గర పుటుక్కున విరిగి నీళ్లలో పడిపోయింది.

ముగ్గురూ గోళ్లూడేలా లాగారు. వల రాలేదు. పడవ ఇసుకమేట మీదికెక్కి ఆగబట్టి బతికారు. మళ్లీ పోటు వచ్చాక వేరే పడవవాళ్లు చూసి రేవుకు లాక్కొచ్చారు.

పడవల సంఘం పెద్ద మహేష్ అందరి ముందూ అన్నాడు: "ఇందుకే చెప్పేది. ఆడోళ్లు పడవ నడిపితే ఇలాగే ఉంటది. ఎవరైనా మగమనిషిని పెట్టుకోమ్మా."

"విరిగింది కత్తండీ, నేను కాదు," అంది రాజకుమారి.

అనడమైతే అంది గానీ, ఇంటికెళ్లి అన్నం కలుపుకోబోయి కంచం పక్కకి జరిపేసింది. తనను నమ్మి ఎక్కినవాళ్లు ఇద్దరు. వాళ్లకేమైనా అయితే? శ్రీనాథ్ ఆ కంచం చూశాడు. "మానేస్తావా?" అన్నాడు మెల్లగా.

"మానను. మంచి కత్తి చేయించుకుంటాను."

ముందు బందరు కొట్టుకే వెళ్లింది. కొట్టతను ఇంకా ఖరీదైన స్టెయిన్‌లెస్ కత్తి తీశాడు. "జన్మలో తుప్పు పట్టదండీ."

"తుప్పు సంగతి సరే. విరగదా?"

"కత్తితో కోస్తారు గానీ, మెలి తిప్పుతారా ఎక్కడైనా?"

"నేను తిప్పుతాను," అని బయటికొచ్చేసింది.

గుడివాడలో లారీ షెడ్ల పక్కన శోభనాద్రి కొలిమి ఉంది. ఆమె చెప్పిందంతా విని, అరిగిపోయిన ఆకురాయి ఒకటి తీసి కత్తిగా సాగగొట్టాడు. "ఇనుమునే అరగదీసే ఉక్కమ్మా ఇది. దీనికన్నా గట్టిది లేదు," అన్నాడు. నిజంగానే ముంజేతి మీద రోమాలు గొరిగేంత పదును. కానీ మడ అడవిలో ఆల్చిప్పలు పట్టిన మోడు మీద ఆమె నాలుగు దెబ్బలు వేసేసరికి అంచు గాజుపెంకులా లేచిపోయింది.

పామర్రులో బస్సు మారి మళ్లీ గుడివాడ వెళ్లింది. శోభనాద్రికి కోపమొచ్చింది. "చిప్పల మీదా మోళ్ల మీదా కొడితే ఏ కత్తయినా అంతే."

"ఆ చిప్పలు అక్కడే ఉంటాయి బాబాయ్. కత్తే మారాలి."

ఆయన లేచిపోయిన అంచును వేలితో తడిమి చూశాడు. తర్వాత మూలనున్న లారీ కమాను పట్టీల కుప్ప చూపించాడు. "ఇదైతే లారీ బరువంతా మోస్తది. గుంటలో వంగుద్ది, మళ్లీ లేస్తది. కానీ ఉప్పునీళ్లకి ఆగదు. వారంలో ఎర్రబడుద్ది. అందుకే నీకు చెప్పలేదు."

"ఎర్రబడితే తుడిచి నూనె రాసుకుంటాను. మొగలో విరిగితే ఏం రాసుకోను?"

వాడేసిన పట్టీల్లో కంటికి కనపడని పగుళ్లుంటాయని, లారీకి ఎక్కని కొత్త పట్టీ ముక్క ఒకటి ఆయనే వెతికి తీశాడు. కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి గట్టిపరిచాడు. పెళుసుతనం పోవడానికి మళ్లీ సన్నసెగ మీద కాచాడు. పిడి బిగించబోతుంటే ఆమె ఆపింది. "ఒకసారి వంచి చూద్దాం."

"చేసిన కత్తిని వంచమనేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా! విరిగితే?"

"విరిగితే ఇక్కడే విరగాలి."

కత్తి మొనను బల్లకున్న ఇనుప పట్టుడులో బిగించి, రెండో కొసకు ఇనుప గొట్టం తొడిగి, బరువంతా వేసి ఆమే లాగింది. శోభనాద్రి మొహం తిప్పుకున్నాడు. కత్తి విల్లులా వంగింది. వదలగానే తిన్నగా నిలబడింది.

"ఇప్పుడు పిడి వెయ్యి బాబాయ్."

ఆ కత్తి మెరవదు. నల్లగా, మొరటుగా ఉంటుంది. నడుముకు కట్టుకుని వస్తుంటే రేవులో నవ్వుకున్నారు. సంఘం సమావేశంలో మహేష్, మగమనిషి తోడు లేకుండా ఆడవాళ్లు మొగ దాకా వెళ్లకూడదని తీర్మానం పెట్టించాడు. రాజకుమారి లేచి నిలబడి, "ఈ మాట మగాళ్ల పడవలు ఆగిపోయినప్పుడు ఎందుకు పెట్టలేదండీ?" అని అడిగింది. అయినా చేతులెత్తి తీర్మానం ఆమోదించారు. మర్నాడు ఎప్పటిలాగే వెళ్లింది.

కార్తీకంలో, తూర్పుగాలి లేచిన రోజు, మళ్లీ ఫ్యానుకు వల పడింది. ఈసారి తాడు ఇంకా లావు. కోటమ్మ దేవుణ్ని పిలుస్తుంటే, రమణమ్మ రాజకుమారి కాళ్లు పట్టుకుంది. ఆమె నడుము దాకా నీళ్లలోకి వంగి కోసింది, దూర్చింది, మెలి తిప్పింది. కత్తి అంచు ఒకచోట కాస్త మడత పడింది గానీ విరగలేదు. వల ముద్దగా ఊడి చేతికొచ్చింది. ఇంజను మొదటి గుంజుకే అందుకుంది.

రేవులో ఆ వల ముద్దను మహేష్ కాళ్ల ముందు పడేసింది. "అదృష్టం బాగుంది," అన్నాడతను.

"అదృష్టం కాదండీ, గుడివాడ బస్సెక్కి తెచ్చుకున్నాను. తీర్మానం మీ దగ్గరే ఉంచుకోండి."

తర్వాతి వారం రమణమ్మ తన కత్తి కోసం గుడివాడ వెళ్లింది. తీర్మానం ఇంకా రద్దు కాలేదు. రాజకుమారి పడవలో మాత్రం ఇప్పుడు ఐదుగురు ఆడవాళ్లు మొగ దాకా వెళ్తున్నారు.