మా టీచరు మళ్లీ పాడిన ఆదివారం

మా పాటల టీచరు పోయిందని మొన్న కార్డు వచ్చింది. నంద్యాలలో ఆమె అద్దెకున్న ఇంటివాళ్లు రాశారు. అది ఆళ్లగడ్డలో నా చేతికి అందేసరికే సమాధి కార్యక్రమం అయిపోయింది. ఆమె పెట్టెలో నా అడ్రసు ఒక్కటే దొరికిందట.

డెబ్బైలలో నేను నంద్యాల హాస్టల్లో ఉండి చదువుకున్నాను. అంతకుముందు ఆమె మద్రాసులో, పెద్ద హోటళ్లలో, బ్యాండుతో జాజ్ పాటలు పాడేది. తల్లికి పక్షవాతం వచ్చిందని ఊరికి వచ్చి, తల్లి పోయాక కూడా ఉండిపోయింది. మా బడిలో సంగీతం చెప్పేది. చర్చిలో మా ఆడపిల్లల చేత కీర్తనలు పాడించేది.

"జాజ్ అంటే ఏంది టీచర్?" అని అడిగానొకసారి.

"తెలిసిన పాటనే, ఈ పొద్దు నీ మనసు ఎట్లుందో అట్ల పాడేది" అంది. మా వైపు వీపు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక పాట పాడింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎవరం కదల్లేదు.

ఆ పాటే నేను హాస్టల్లో బట్టలుతుకుతూ కూనిరాగం తీశాను. వార్డెను విన్నది. ఆదివారం చర్చి సంఘ పెద్దలు నన్ను పిలిచారు.

"యాడి పాట అది?"

"టీచరు మద్రాసు హోటల్లో పాడేదంట."

అంతే. తాగేవాళ్ల ముందు పాడిన మనిషి దేవుని మందిరంలో పాడించకూడదన్నారు. బడి ఉద్యోగం మిగిలింది గానీ చర్చిలో ఆమె చివరి బెంచీకి పోయింది. పుస్తకం తెరిచి పట్టుకునేది, పెదవి మాత్రం కదిపేది కాదు. బడిలోనూ హార్మోనియం మీద స్వరాలు వాయించి చూపించడమే, గొంతు విప్పలేదు.

నేను ఆమె దగ్గరికి పోయి ఏడ్చాను.

"అబద్ధం చెప్పినావా? లేదు కదా. మల్లా ఏడ్చేదేంది?" అని తన కొంగుతో నా ముఖం తుడిచింది. ఆమె కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేదేమో.

ఎనభైలలో నాకు ఆళ్లగడ్డలో టీచరు ఉద్యోగం వచ్చింది. శిల్పాలు చెక్కే వీధి వెనక మాదొక చిన్న చర్చి. ఎక్కువమంది కూలిపనులకు పోయేవాళ్లే. మా సంఘ పెద్దకు జరిగిందంతా చెప్పి, ఆమెను పిలవమంటారా అని అడిగాను. "హోటల్లో పాడితే ఏమాయ? రమ్మను" అన్నాడు.

నంద్యాల పోయేసరికి ఆమె రిటైరై, ఒక్క గదిలో, ఒక్క కుర్చీతో ఉంది. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి తను నిలబడింది. మా చర్చిలో పాడటానికి రమ్మన్నాను.

"మద్రాసు సంగతి చెప్పినావా పాపా?"

"అంతా చెప్పినా టీచర్."

కిటికీ దగ్గరికి పోయి బయటికి చూసింది. "ఆదివారం మొదటి బస్సుకొస్తా" అంది.

వచ్చింది. అందరికీ తెలిసిన కీర్తనే పాడింది. పైస్థాయిలో గొంతు పగిలింది. ఆగలేదు, పగిలిన చోటినుంచే కిందికి దిగి, ఆ చరణానికి మేమెన్నడూ వినని దారి ఒకటి వేసింది. మా చేతుల్లో పాటల పుస్తకాలు మూతపడ్డాయి. ముందు కూర్చున్న ముసలామె, "ఇంగొకసారి పాడమ్మా" అంది. టీచరు పాడింది, మొదటిసారిలా కాదు, ఇంకోలా.

మా ఇంట్లో అన్నం తినేటప్పుడు, "ఇంగొకసారి పాడమని అడిగించుకొని ఎన్నేండ్లాయనో" అంది.

తర్వాత ఎంత పిలిచినా మళ్లీ రాలేదు. మోకాళ్ల నొప్పులన్నది. నేనూ పిల్లలతో, పనితో పోవడం తగ్గించేశాను. ఏడాదికోసారి పోయి చూసి వచ్చేదాన్ని. అదీ తప్పిన ఏడాది ఇది.

ఆమె పాడిన ఆ ఆదివారం మధ్యాహ్నం నేనే ఆమెను బస్సెక్కించాను. కిటికీ పక్క కూర్చుని, పక్క సీట్లో చేతిసంచి పెట్టుకుంది. ఇంజను మోత మొదలయ్యాక ఆమె పెదవులు కదిలాయి. నాకేదో చెబుతోందనుకుని బస్సు వెంట నాలుగడుగులు నడిచాను. ఆమె నన్ను చూడటం లేదు. ఎదురుగా రోడ్డును చూస్తూ పాడుకుంటోంది. ఏం పాటో నాకు వినపడలేదు.