తొట్టి తాళం, నా ఏలుబడి

శ్రీరస్తు. విఘ్ననాయకునికీ, వాగ్దేవికీ, ఈ మెట్టసీమకు ఆలస్యంగానైనా దారి తెలుసుకొని వచ్చే మేఘునికీ నమస్కరించి, శ్రావణ శుద్ధ దశమి నాటి ఉదయం ఈ నాలుగు మాటలు వ్రాయ మొదలిడుతున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అధికారమంటే తాళంచెవుల గుత్తి అని నేను నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం కలగడానికి కారణం మా ప్రధానోపాధ్యాయులు. కమలాపురం వైపు నుంచి ఆలూరు దాపున ఉన్న మా ఉన్నత పాఠశాలకు వచ్చిన ఆ పెద్దమనిషిని మేము చాటుగా ‘తాళాల సారు’ అనేవాళ్ళం. సుద్దముక్కల పెట్టె మొదలు వసతిగృహపు నీళ్ళ తొట్టి దాకా బడిలో తాళం లేని వస్తువు లేదు. ఆ తాళాలన్నిటి చెవులూ ఆయన మొలతాటికే వ్రేలాడేవి. (నీళ్ళకు తాళమేమిటని కోస్తా చదువరులు ఆశ్చర్యపోవచ్చు. మా వైపు ఎండాకాలంలో బంగారం బీరువాలో ఉన్నా లేకున్నా, తొట్టికి ఇనుప మూతా దానికొక తాళమూ ఉండి తీరుతాయి.) ఆయన తల ఊపనిదే గంట మ్రోగేది కాదు. ఓరియంటల్ కళాశాల నుంచి అప్పుడే వచ్చిన తెలుగు పండితుణ్ణి గనుక, ఆయన మీద ఆశువుగా కందపద్యాలు చెప్పి తోటి ఉపాధ్యాయులను నవ్వించడం నా విశ్రాంతి వేళల వ్యాసంగం.

ఫాల్గుణం చివరలో ఆయన ఏదో కార్యాలయపు పని మీద కర్నూలు వెళ్ళవలసి వచ్చింది. గుత్తి ఎవరికివ్వాలన్నది ఆయనకు ధర్మసంకటమైంది. సీనియర్లలో ఒకరికిస్తే ఇంకొకరు అలుగుతారు. కొత్తవాణ్ణి గనుక నాకింకా శత్రువులు లేరు. అదే నా అర్హత. గుత్తి నా నడుముకు చేరిన మరుక్షణం నాలో ఏ పూర్వజన్మ వాసన మేల్కొన్నదో గానీ, పంచె సవరించుకొని రెండు ఆజ్ఞలు జారీ చేశాను. మొదటిది, నన్నడగకుండా ఎవరూ ఏ పనీ చేయరాదు. రెండవది, నేను పాఠం చెబుతున్నప్పుడు ఎవరూ తలుపు దగ్గరికి రారాదు. ఆ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూసే తీరిక నాకు లేకపోయింది. గంట కొట్టే అటెండరు మాత్రం, మేము ‘గంటప్ప’ అనేవాళ్ళం, విని, నా వంక ఒకసారి చూసి, “అట్లనే సామీ” అన్నాడు.

ఆ పూట పాఠం గ్రీష్మవర్ణన. తాపము, దాహము, ఎండిన సరస్సులు. నేను దీర్ఘంగా రాగం తీస్తూ ఉండగా బయట ఎద్దుల మెడగంటలు వినిపించాయి. పిల్లలు కిటికీ వైపు మెడలు చాచారు. ముందు వరుసవాడొకడు చేయి ఎత్తితే కూర్చోమన్నాను. పైగా ఆ మువ్వల సవ్వడిని సందర్భానికి వాడుకొని, “వినండిరా, దాహంతో ఉన్నవాడి చెవికి ఈ శబ్దం ఎంత హాయి గొలుపుతుందో” అని వ్యాఖ్యానించాను. గంటలు చాలాసేపు అక్కడే నిలిచి గలగలలాడాయి. తరువాత మెల్లగా దూరమయ్యాయి. ఆ దూరమవడాన్ని కూడా కరుణరసానికి ఉదాహరణగా చెప్పినట్టు జ్ఞాపకం.

పాఠం ముగించి బయటికి రాగానే వసతిగృహంలో వంట చేసే ఆమె (అందరికీ ‘వంటక్క’) ఖాళీ బిందె చంకన పెట్టుకొని నా ఎదుట నిలిచింది. వారానికొకసారి దిగుడుబావి నుంచి నీళ్ళు తెచ్చే పీపాల తాత బండి వచ్చి పోయిందనీ, తొట్టికి తాళం ఉండబట్టి ఆ నీళ్ళు చావడి దగ్గర పశువుల తొట్టిలో పడ్డాయనీ అప్పుడు తెలిసింది. కరువు పల్లెల నుంచి ఆ రెండు పూటల అన్నం కోసమే బడికి వచ్చిన పిల్లలు గిన్నెలు పట్టుకొని అరుగు మీద కూర్చున్నారు. పొయ్యి వెలగలేదు.

“నన్ను పిలవకూడదా అప్పా?” అని గంటప్పను గద్దించాను.

“మీరేగదా సామీ చెప్పింది, పాఠం చెప్తాంటే తలుపుకాడికి ఎవురూ రావద్దని.”

“నీళ్ళబండి వస్తే కూడానా?”

“అది మీరు చెప్పల్యా. మిమ్మల్ని అడక్కుండా తాళం పగలగొట్టేకి లేదు. అడిగేకి రాకూడదు. ఇంగ నేనేం చేయల్ల? తాతకు బీడీ ఇచ్చి శానాసేపు కూచోబెడ్తి.”

వంటక్క అంతటితో వదల్లేదు. “ఎసరు పెట్టల్ల సామీ. ఆ పద్యాలేవో ఈ బిందెలో పోయి, ఉడుకుతాయేమో సూస్తా” అంది. పిల్లలు నవ్వారు, ఆకలితో ఉన్న పిల్లల నవ్వు చెవికి వేరుగా వినిపిస్తుంది. బొరుగులు, బెల్లం తెప్పించి పంచి, మిట్టమధ్యాహ్నపు ఎండలో చావడికి పరుగెత్తాను. నడుమున గుత్తి దారి పొడుగునా మ్రోగుతూనే ఉంది.

పీపాల తాత ఎద్దులను విప్పి నీడకు కట్టేస్తున్నాడు. నా సంజాయిషీ అంతా విని, “ఎద్దులకు పద్యాలు తెల్వవు సామీ, అయ్యేదాకా నిలవమంటే నిలవవు” అన్నాడు. బతిమాలగా బతిమాలగా, ఎండ దిగినాక ఇంకొకసారి పోయివస్తానన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. “ఆ తాళంచెవి నీతాన ఉంటే మాత్రం నేను రాను. పిల్లోళ్ళకు వండేది ఎవురో, ఆయమ్మకియ్యి.”

వెనక్కు వచ్చి గుత్తి నుంచి ఆ ఒక్క చెవినీ ఊడదీశాను. తీగ చుట్టి ఉండడంతో గోరు చీరుకుపోయింది. వంటక్క దాన్ని కొంగున ముడివేసుకొని, ఏ పట్టాభిషేకమూ లేకుండా లోపలికి వెళ్ళిపోయింది. పొద్దు వాలేసరికి నీళ్ళు వచ్చాయి. పిల్లలు తిన్న తరువాత నేనూ వాళ్ళ పంక్తిలోనే కూర్చొని తిన్నాను.

మరునాడు తాళాల సారు వచ్చి గుత్తి అందుకొని, చేతితో తూచినట్టు ఆడించి, తొట్టి చెవి ఏదని అడిగారు. జరిగింది చెప్పి, ఉద్యోగం మీద ఆశ వదులుకొని నిలబడ్డాను. ఆయన గుత్తిని బల్ల మీద పెట్టారు. “శానా బరువప్పా ఈ గుత్తి” అన్నారు. “ఎవురన్నా అడిగితే ఇచ్చేద్దామనుకుంటి. ఇన్నేండ్లలో ఒక్కరూ అడగలేదు.” నేను ఆయన మీద కందాలు చెప్పడం ఆ రోజుతో మానుకున్నాను.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా కోడలు. కడపలో తాను పనిచేసే ఆఫీసుకు ఈ మధ్యనే ఆమెను పై అధికారిణిని చేశారు. మొన్న రాత్రి భోజనాల దగ్గర, “మామా, పైన కూర్చునేవాళ్ళు ముఖ్యంగా యాడ తప్పు చేస్తారు?” అని అడిగింది. తప్పులన్నీ నాకు తెలియవనీ, ఒకటి మాత్రం స్వహస్తాలతో చేశాననీ చెప్పి, ఈ కథంతా వినిపించాను. తగినంత గంభీరంగానే వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, నా కంచంలో మజ్జిగ పోస్తూ, “మంచిమాట చెప్తిరి మామా. మరి మన మోటారు పెట్టె తాళంచెవి యాడుండాది?” అంది.

చేయి దానంతట అదే నా నడుము దగ్గరికి పోయింది. (మా ఇంట కుళాయి నీళ్ళు మధ్యాహ్నం వస్తాయి. మోటారు నేను తప్ప ఎవరూ వేయరాదు. నా మధ్యాహ్నపు నిద్ర ఎవరూ చెరపరాదు. పోయిన వారం నీళ్ళు వచ్చి, ఇంటిల్లిపాదీ నా గురక వింటూ కూర్చోగా, తిరిగి పోయినవట.) గంటప్ప ఉండి ఉంటే “అట్లనే సామీ” అనేవాడు.

ఈ వ్రాత మొదలిడిన వారానికి, శ్రావణ బహుళ విదియ నాడు, మోటారు పెట్టె తాళంచెవి కోడలి చేతికి ఇచ్చాను. ఆ మధ్యాహ్నం నీళ్ళు వచ్చాయి, మేడ మీది ట్యాంకు నిండింది. నన్నెవరూ లేపలేదు.