మండీ కాగితాలు

పేపరు రాగానే మా వయసు వాళ్ళు కొందరు రాశిఫలాలు చూస్తారు, కొందరు పోయినవాళ్ళ ఫోటోల పేజీ తిప్పుతారు. నేను మాత్రం బ్యాంకు వేలం ప్రకటనలు చదువుతాను. బ్యాంకు ఉద్యోగం ముగించుకుని తిరుపతిలో ఈ రెండో అంతస్తు ఇంట్లో స్థిరపడి ఇన్నేళ్ళయినా ఈ పాడు అలవాటు నన్ను వదల్లేదు. ఈ పొద్దు రేణిగుంట దగ్గర ఒక ఇంటిని వేలానికి పెట్టారు. అప్పు తీసుకున్నాయన పేరు, హామీ ఉన్నాయన పేరు, వాళ్ళ తండ్రుల పేర్లతో సహా వేసి, కింద నాలుగు దిక్కులా హద్దులు రాశారు. అప్పు ఒకరిది, పోయే ఇల్లు ఇంకొకరిది. అది చదివి కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఎందుకంటే ఒకప్పుడు సరిగ్గా అలాంటి ప్రకటనలోనే మా చిన్నాయన పేరు అచ్చయింది, ఆ అచ్చు వెనక నా చేయి కూడా ఉంది.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. మా నాయన పోయాక నన్ను చిత్తూరు కాలేజీలో చేర్చి, ఫీజు కట్టి, హాస్టలుకు నెలనెలా మామిడి తాండ్ర, వేరుశనగ ఉండలు పంపినవాడు ఆయనే. బంగారుపాళ్యంలో రోడ్డు పక్కన ఆయనకు ఒక మామిడి మండీ ఉండేది. ముందు రేకుల షెడ్డు, అందులో కాటా, వెనక మూడు గదుల ఇల్లు, అన్నీ ఒకే స్థలంలో, ఒకే దస్తావేజు కింద. ఎండాకాలం చివర్లో తోతాపురి కాయలతో ట్రాక్టర్లు మండీ ముందర బారులు తీరేవి, జ్యూసు ఫ్యాక్టరీల వాళ్ళు వచ్చి ధర చెప్పేవాళ్ళు, మా పిన్నమ్మ వచ్చిన రైతుకల్లా మజ్జిగ పోసి పంపేది. ఆ నెలన్నర సంపాదనతోనే ఏడాది గడవాలి. ఆ స్థలం తప్ప వాళ్ళకు వేరే సెంటు భూమి లేదు.

నాకు చిత్తూరు బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చిన కొత్తలోనే చిన్నాయన షెడ్డు పెంచడానికీ కొత్త కాటా కొనడానికీ అప్పు కావాలని వచ్చాడు. ఏదైనా ఆస్తి చూపిస్తే బ్యాంకు తక్కువ వడ్డీకి ఎక్కువ డబ్బు ఇస్తుంది, తీర్చడానికి ఎక్కువ గడువూ ఇస్తుంది, చెయ్యి చాపినవాడికి కుర్చీ కూడా వేస్తుంది. ఆ మర్యాదంతా మనిషికి కాదు, మనిషి వెనకున్న ఆస్తికి అని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. చిన్నాయన దస్తావేజు తీసుకొచ్చి మేనేజరు బల్ల మీద పెట్టాడు. రిజిస్ట్రారు ఆఫీసుకు పోయింది లేదు, దండోరా లేదు. అలా కాగితాలు అప్పగించడమే చట్టం దృష్టిలో తాకట్టు. ఆయనకు మాత్రం అది కాగితాలను భద్రంగా దాచుకోవడంలాగే అనిపించింది. మా ఇంట్లో అయితే చెదలు పట్టిపోతాయి, ఈడ ఇనప్పెట్టెలో ఉండాయి అని ఊళ్ళో అందరికీ చెప్పుకునేవాడు. వాయిదాలు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

అంతా అక్కడితో ఆగిపోయుంటే ఈ రోజు ఇది రాసే అవసరమే ఉండేది కాదు. కొన్ని నెలలు గడిచాక మా పిన్నమ్మ తమ్ముడికి సొంతంగా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టాలని బుద్ధి పుట్టింది. మనిషి మంచివాడే, మాటకారి, ఇస్త్రీ చొక్కా నలగనిచ్చేవాడు కాదు. అప్పు కోసం మా బ్యాంకుకే వస్తే మేనేజరు ఆయన్ని హామీ అడిగాడు. ఆయన నేరుగా మండీకి పోయి, "బావా, నీ కాగితాలు ఎట్లా బ్యాంకులోనే ఉండాయి, కొత్తగా నువ్వు ఇచ్చేదేం లేదు, ఒక సంతకం పెడితే సాలు" అన్నాడని పిన్నమ్మ తరవాత చెప్పింది. ఉన్న చోటనే ఉన్న కాగితాలకు ఇంకో సంతకం ఏం భారమని చిన్నాయన అనుకున్నాడు. ఆయన ఒక్కడే కాదు, ఆ చుట్టుపక్కల మండీల వాళ్ళు ఎవరైనా అలాగే అనుకునేవాళ్ళు.

సంతకం చేయాల్సిన చోట్లన్నీ పెన్సిలుతో గుర్తులు పెట్టింది నేనే. అందులో ఆరో పేజీ నాకు బాగా తెలుసు. బావమరిది ఇప్పుడు తీసుకునే అప్పుకే కాదు, రేపు తీసుకోబోయేదానికీ, దాని వడ్డీకీ, ఖర్చులకూ కూడా ఆ స్థలమే పూచీ అని అందులో ఉంది. అంతా ఇంగ్లీషు. చిన్నాయన కుర్చీలో కూర్చున్నాడు, బావమరిది ఆ కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మా వైపు చుట్టం నిలబడి ఉండగా కాగితం చదివించుకోవడమంటే నిన్ను నమ్మడం లేదని మొహాన చెప్పినట్టే, దానికి మించిన అవమానం ఇంకోటి లేదు. ఆరో పేజీ దగ్గర చిన్నాయన తలెత్తి ఒకసారి నా వైపు చూశాడు. అప్పటికి నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, మేనేజరు గాజు తలుపు వెనకనుంచి చూస్తూనే ఉన్నాడు. నేను పేజీ తిప్పాను.

మొదటి ఏడాది ఫ్యాక్టరీ బాగానే నడిచింది. తరవాత చిన్న చిన్న సంగతులు కనిపించసాగాయి. ముందు స్వయంగా వచ్చి నవ్వుతూ డబ్బు కట్టిపోయే పిన్నమ్మ తమ్ముడు ఎవరినో పంపడం మొదలుపెట్టాడు, ఆ తరవాత గడువు చివరి రోజు సాయంత్రానికి గానీ పంపేవాడు కాదు, ఆ తరవాత చెక్కులు వెనక్కి వచ్చాయి. మధ్యలో అప్పు ఇంకా పెంచి ఇచ్చారు, దానికి చిన్నాయనను పిలవనే లేదు, పిలవాల్సిన అవసరం లేకుండా ఆరో పేజీ చూసుకుంది. ఇదంతా రోజూ నా కళ్ళముందరి లెడ్జరులోనే జరుగుతోంది. ఒకరి ఖాతా సంగతి ఇంకొకరికి చెప్పకూడదని రూలు. ఆదివారాలు మండీకి పోయి పిన్నమ్మ పెట్టిన అన్నం తినేదాన్ని, ఆ సంగతి మాత్రం చెప్పలేదు. రూలు పేరు చెప్పుకున్నాను గానీ అది నా పిరికితనమే.

ఒక రోజు పదకొండు గంటల బస్సుకు చిన్నాయన దిగాడు. కొత్త మంజపై సంచి, అంటే ఆ పసుపు గుడ్డ సంచి, చంకలో పెట్టుకుని, చివరి వాయిదా రసీదు నా బల్ల మీద పెట్టాడు.

"అంతా కట్టేసినాను పాపా. ఇంక నా కాగితాలు ఇప్పించు, మీ పిన్నమ్మ దేవుడి దగ్గర పెట్టాలంటా ఉండాది."

"ఇప్పుడు ఇచ్చేదానికి లేదు చిన్నాయనా. మామ ఫ్యాక్టరీ అప్పు కూడా తీరాల."

"నాది తీరిపోయె గదా."

"నీది తీరింది."

"ఆయప్పది ఆయప్ప కట్టుకుంటాడు. దానికి నా ఇల్లేమిటికి ఈడ?"

నేను రసీదును ఆయన వైపు జరిపాను. ఆయన సంచిని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

ఈ మధ్య మా అపార్టుమెంటులో ఎవరైనా ఇల్లు పెట్టి అప్పు తీసుకుంటామంటే, వడ్డీ ఎంతని తరవాత అడుగుదురు గానీ ముందు ఏది పోగొట్టుకోవడానికి సిద్ధపడుతున్నారో చెప్పండి అంటాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. అప్పు పది అయితే దానికి యాభై విలువ చేసే ఆస్తిని ఎందుకు అప్పగించాలి? మూడు నెలలు కట్టలేకపోతే ఏమవుతుందో అప్పిచ్చేవాడి నోటితోనే చెప్పించుకోవాలి. ఇంకొకరికి హామీ ఉంటే ఎంతవరకో అంకె వేయించాలి. చుట్టం అలిగినా సరే, కాగితాలు ఇంటికి తెచ్చుకుని తెలుగులో చదివించుకున్నాకే సంతకం. అప్పు తీరిన రోజున దస్తావేజూ, బాకీ లేదన్న ఉత్తరమూ చేతికి రానిదే గడప దాటకూడదు. అప్పుడు నోట్లోంచి రాని మాటలు ఇప్పుడు ఎవరు అడిగినా అడగకపోయినా వచ్చేస్తున్నాయి.

గుజ్జు డబ్బాలు ఓడరేవు దాకా పోయి, సరుకు బాగాలేదని వెనక్కి వచ్చాయి. ఫ్యాక్టరీకి తాళం పడింది. పిన్నమ్మ తమ్ముడు తడ దాటి తమిళనాడులో ఎక్కడో ఉన్నాడని విన్నాం. అరవై రోజుల గడువుతో చిన్నాయనకు నోటీసు వచ్చింది. అది పట్టుకుని ఆయన నా దగ్గరికే వచ్చాడు, నేను ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. బ్యాంకు కాగితం ఒకటి ఆయనకు చదివి వినిపించడం నాకు అదే మొదటిసారి. అరవై రోజుల్లో ఆయన ఎక్కని గడప లేదు, ఎవరూ అంత డబ్బు ఇవ్వలేకపోయారు.

షెడ్డు తలుపుకు స్వాధీనం కాగితం అంటించడానికి బ్యాంకు ఆఫీసర్లు వచ్చింది సరిగ్గా కాయలు దిగే రోజుల్లో. నేను సెలవు పెట్టి పిన్నమ్మ పక్కన నిలబడ్డాను. కాగితం అంటించారు, దాంతోపాటు తలుపుకు ఫోటో తీసుకున్నారు. ఎప్పుడూ వచ్చే రైతు ఒకాయన ట్రాక్టరు ఆపి, దిగి, ఆ కాగితం వైపు చూసి, బండి తిప్పుకుని పక్క మండీకి పోయాడు. వెనక వచ్చినవాళ్ళూ అట్లే పోయారు. పిన్నమ్మ మజ్జిగ కడవ పట్టుకుని చాలాసేపు గడపలోనే నిలబడింది.

వేలంలో స్థలం పోయింది. చిన్నాయన చివరి దాకా వేరేవాళ్ళ మండీలో కాటా దగ్గర పనిచేశాడు. నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు, అదే నన్ను తినేస్తుండేది. ఆయన మంచం పట్టిన రోజుల్లో ఒకనాడు నేనే ధైర్యం చేసి, ఆ పేజీ సంగతి నాకు అప్పుడే తెలుసునని చెప్పేశాను.

"తెలుసు పాపా. ఆ పొద్దు నీ మొగం సూసినాను, ఏదో ఉండాదని అప్పుడే తెలిసిపోయె. బామ్మర్ది ముందర నిన్ను అడిగితే బాగుండదని ఊరుకున్నాను" అన్నాడు.

మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. ఆయనే నా చెయ్యి పట్టుకుని ఊరడించాడు.

ఇప్పుడు అప్పులన్నీ ఫోనులోనే అయిపోతున్నాయి, వేలితో ఒక నొక్కు నొక్కితే చాలు, ఎవరు ఇచ్చారో ఎవరు తీసుకున్నారో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ కాలమే నయం, బ్యాంకుకు పోతే తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండేవాడు, మంచీ చెడూ చెప్పేవాడు అని మా తోటివాళ్ళు బాధపడుతుంటే నేనూ అవునంటూ తల ఊపుతాను. మా చిన్నాయనకు ఎదురుగా కూర్చున్నదీ తెలిసిన మనిషే.