మా పెద్దమ్మ డొక్క మీద నా కుడికాలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో నడుము పట్టేసినవాళ్లు దవాఖాన కంటే ముందు మా ఇంటికి వచ్చేవాళ్లు. వైద్యుడు ఎవరయ్యా అంటే నేనే. అప్పటికి నా పాలపళ్లు ఇంకా పూర్తిగా ఊడలేదు. నాకున్న అర్హత ఒక్కటే. మా అమ్మ కడుపులోంచి అందరిలా తల కాకుండా కాళ్లు ముందు బయటపెట్టాను. అలా కాళ్లతో పుట్టినవాడు కుడికాలితో తొక్కితే ఎంతటి పట్టైనా విడుస్తుందని మా నర్మెట్ట వైపు ఊళ్లలో గట్టి నమ్మకం.

మామూలు రోజుల్లో పెద్దవాళ్లకు కాలు తగిలితే చెంప పగిలే ఇల్లు మాది. అదే ఇంటి వాకిట్లో తెల్లారేసరికి పెద్దమనుషులు బోర్లా పడుకుని, "జర మెల్లగ తొక్కు కొడుకా" అని బతిమాలేవాళ్లు. తొక్కినందుకు బెల్లం ముక్క పెట్టేవాళ్లు. కొందరికి తగ్గేది. పట్టిన నడుము దానంతట అదే విడుస్తుందని ఎవరికీ తోచలేదు. తగ్గనివాళ్లు మళ్లీ వచ్చి చెప్పేవాళ్లు కాదు. అందుకని నా లెక్కలో అందరికీ తగ్గినట్టే. ఊరు ఊరంతా కలిసి ఒక పసివాడి నెత్తిన ఎక్కించిన పిచ్చి అది.

మా పెద్దమ్మ, అంటే మా బాపు అన్న భార్య, మా ఇంట్లోనే ఉండేది. పెదబాపు పోయాక ఆమెకు మేమే దిక్కు. పిల్లలు లేరు కనుక నన్ను ఎత్తుకుని పెంచింది ఆమే. ఒక ఏడు సరిగ్గా నాట్ల సమయంలో ఆమెకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు. పక్కటెముకల వెంట నిప్పుకణిక దొర్లించినట్టు మంట అనేది. పైకి చూస్తే ఏమీ కనిపించేది కాదు. రవిక గుడ్డ తగిలినా ఓర్చుకోలేక పక్కకు వంగి నడిచేది.

జనగామ దవాఖానకు పోయి చూపించుకుంటానని ఆమె అడిగింది. మా బాపు నవ్వాడు. "ఇంట్లనే వైద్యుడుండంగ జనగామెందుకు వదినె? నాట్లు ఒడవనీ, పోదాం తియ్యి." చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. అందరికంటే గర్వంగా నవ్వింది నేను.

మర్నాడు పొద్దున పెద్దమ్మ చాప మీద పక్కకు తిరిగి పడుకుంది. నేను కుడికాలు ఆమె పక్కటెముకల మీద పెట్టి నొక్కాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత లేచి, కళ్లు తుడుచుకుని, నా తల నిమిరి, "తగ్గింది కొడుకా" అంది. తగ్గిందన్నాక మరునాడూ తొక్కించారు. ఆ మరునాడూ తొక్కించారు. ప్రతిసారీ తగ్గిందనే అంది, వంగి నడుస్తూనే నాట్లకు పోయింది.

ఒకరోజు స్నానం దగ్గర మా అమ్మ కేక పెట్టింది. పెద్దమ్మ వెన్ను నుంచి రొమ్ము కింది దాకా, ఎముక వెంటే ఒక పట్టీలా ఎర్రటి నీటి పొక్కులు లేచాయి. పక్కింటి అవ్వ వచ్చి చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఇది సర్పే! పాము లెక్క సుట్టుకుంటది. తల, తోక కలిసినయంటే మనిషి దక్కది." ఆపైన నా వంక చూసి, "పోరడు కాలు వెట్టిన జాగల్నే లేసింది సూడుర్రి" అంది. నిన్నటిదాకా నాకు బెల్లం పెట్టిన చేయి కూడా ఆమెదే.

ఆ మాటతో నాకు అన్నం దిగలేదు. ఆ పామును ఆమె ఒంటి మీదికి ఎక్కించింది నేనే. తల, తోక కలిస్తే పెద్దమ్మ చచ్చిపోతుంది. కొట్టంలోకి పోయి, ఖాళీ గోనెసంచిలో కుడికాలు తొడదాకా దూర్చి, మూతి బిగించి పట్టుకుని కూర్చున్నాను. పెద్దమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి ఆ సంచిని చూసింది. సంచి లాగేసి, నా చేయి పట్టుకుని నేరుగా బాపు ముందు నిలబడింది.

"జనగామ పోతున్న తమ్మీ. నాట్లు నీయి, నొప్పి నాది. పోరన్ని గుడ తోల్కపోత."

బస్సులో సీటుకు వీపు ఆనించలేక దారి పొడవునా కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. దవాఖానలో డాక్టరు పొక్కులు చూసి మందు రాయబోతుంటే, పెద్దమ్మ నన్ను ముందుకు తోసింది. "మందు తర్వాత సారూ. ముందుగాల ఈనికి జెప్పు. ఈడు తొక్కవట్టే లేసిందా గిది?"

డాక్టరు నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచి, పెద్దవాడితో మాట్లాడినట్టే మాట్లాడాడు. పెద్దమ్మకు చిన్నతనంలో ఆటలమ్మ పోసి ఉంటుంది, ఆ రోగపు పురుగే అప్పటినుంచీ నరంలో నిద్రపోయి ఇప్పుడు లేచిందన్నాడు. ముందు నొప్పి వస్తుందనీ, తర్వాతే పొక్కులు కనిపిస్తాయనీ చెప్పాడు. ఒక పక్కనే వచ్చి ఆగిపోతుంది, తల తోక కలవడం ఉత్తమాట అన్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంతలో ఆయన, "నీ కాలు తెచ్చిన రోగం కాదురా ఇది. నీ కాలుతోని తగ్గేది గూడ కాదు" అన్నాడు. మొదటి మాట కావాలంటే రెండోదీ తీసుకోక తప్పదని నాకు అర్థమైంది. తీసుకున్నాను.

అప్పుడు ఆయన కాగితం వైపు తిరిగి, నొప్పి ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. పెద్దమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. "మొన్నటిసంది సారూ" అంది.

అది అబద్ధం. అబద్ధమని నాకు తెలుసు. నాట్లు మొదలైనప్పటి నుంచీ ఉన్న నొప్పి అది. తిరుగు ప్రయాణంలో నేనే అడిగాను, తగ్గకపోయినా తగ్గిందని ఎందుకు అన్నావని. "నీ మొఖం జూస్తే తగ్గలేదనబుద్ధి కాలే కొడుకా" అంది.

ఆ మరునాడు నడుము పట్టుకుని వచ్చినవాళ్లను ఆమే గుమ్మంలో ఆపింది. "మా వైద్యుడు దుకాణం బంద్ వెట్టిండు. జనగామ బస్సెక్కుర్రి." వాళ్లు గొణుక్కుంటూ పోయారు.

పొక్కులు మాడిపోయాయి. నొప్పి మాత్రం పోలేదు. వరికోతల్లోనూ ఆమె మోచేయి డొక్కకు ఆనించుకునే కోసింది. ముసలితనంలో కూడా చలికాలం వస్తే చేయి అక్కడికే పోయేది. బడిలో నేను చదివింది కొంచెమే, మిగతాదంతా దొరికిన పుస్తకమల్లా చదివి నేర్చుకున్నదే. ఈ జబ్బుకు పొక్కులు లేచిన మొదటి రోజుల్లోనే వేసే మందు ఇప్పుడు ఉందనీ, అప్పట్లో లేదనీ చదివాను. అది చదివినా మనసు తేలికపడలేదు. ఆమె అడిగిన రోజే జనగామ తీసుకుపోయి ఉంటే, కనీసం ఆ మండే డొక్కను ఎవరూ తొక్కకుండా ఉండేవాళ్లు కదా. నా ముఖం చిన్నబోకూడదని ఆమె కాలు కింద పడుకుంది.

నిరుడు నాకూ పక్కటెముకల్లో నొప్పి లేచింది. చేతిలో ఇంతేసి ఫోను పెట్టుకున్న పక్కింటాయన, చిల్పూరులో కాళ్లతో పుట్టిన పిల్లగాడున్నాడు, తీసుకొస్తానన్నాడు. వాడిని బడికి పోనియ్యవయ్యా అని కసిరి, మర్నాడే జనగామ బస్సెక్కాను. ఎన్ని రోజులైందని డాక్టరమ్మ అడిగింది. నిన్న పొద్దుటి నుంచి అని నిజమే చెప్పాను. కానీ ఆ ప్రశ్న ఏ డాక్టరు అడిగినా పెద్దమ్మ నా వైపు చూసిన చూపే ముందు కనబడుతుంది. నోరు తెరిచే లోపల, నాకు తెలియకుండానే, కుడికాలు బెంచీ కిందికి లాక్కుంటాను.