కాలువ కట్టేసి కుట్టిన గుండె

నా చిన్నప్పుడు, గుండెలో చిల్లుందని ఆపరేషన్ చేయించి తీసుకొచ్చిన ఏడాది, మెడ దగ్గర పిన్నీసు లేకుండా నేను గడప దాటలేదు. ఛాతీ మధ్య నిలువుగా దిగిన కుట్ల గీత ఎవరి కంటా పడకూడదు. ఒకసారి బడిలో పిన్నీసు ఊడితే, పక్కనున్న పిల్ల చూసి చటుక్కున ముఖం తిప్పేసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

వేసవిలో మరమ్మతులకని కట్టేసిన కాలువలు జూన్‌లో వదిలారు. రామచంద్రపురం దగ్గర మా ఊరి పిల్లలంతా రేవులోనే ఉండేవారు. డాక్టరుగారు నన్నూ ఈదొచ్చన్నారు. తడిస్తే గౌను అతుక్కుని గీత కనబడుతుందని నేను మెట్లమీదే కూర్చునేదాన్ని. పక్కింటి మామ్మగారు ఇది రోజూ గమనించేవారు. ఓ మధ్యాహ్నం రేవులో ఎవరూ లేనప్పుడు నా పక్కన కూర్చుని, జాకెట్టు కాస్త పైకి తీసి చూపించారు. ఎడమ రొమ్ము కిందనుంచి వీపు దాకా, వంకరగా, తాడంత లావున మచ్చ.

నేను చటుక్కున తల తిప్పేసుకున్నాను.

ఆవిడ నవ్వారు. "నాది పాతకాలపు ఆపరేషన్ అమ్మడూ. పెళ్ళైన కొత్తలో గుండెలో వాల్వు బిగుసుకుపోయింది. గుండె కొట్టుకుంటుండగానే డాక్టరుగారు లోపలికి వేలు పెట్టి, తడుముకుంటూ విడదీశారు. పారే కాలువలో దిగి తూము బాగుచేసినట్టే."

చిల్లు పూడ్చాలంటే అలా కుదరదట, గుండె విప్పి చూడాలట. మొదట్లో మనిషిని మంచులో చల్లబరిచి, గుండెకి నెత్తురు ఆపి, దొరికిన కాస్త వ్యవధిలో కుట్టేసేవారట. తర్వాత తండ్రిని పక్కన పడుకోబెట్టి, ఆయన గుండెతోనే బిడ్డకీ నెత్తురు ఆడించారట. గుండెకి బదులు నెత్తురు ఆడించే మిషన్లు బాగా కుదిరింది ఆ తర్వాతేనట. ఇవన్నీ ఆవిడ తన డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నవే.

"నీకైతే కాలువ కట్టేసి, నీళ్ళు పక్కనించి ఇంజనుతో తోడిస్తూ, లోపల కళ్ళారా చూసుకుంటూ కుట్టారే. అంతమంది తిప్పలుపడి నేర్చుకున్న పనిని పిన్నీసు పెట్టి దాస్తావేంటి?"

"మరి మీ మచ్చ నేనెప్పుడూ చూళ్ళేదేంటండీ?" అన్నాను.

"ఎవరికి చూపించాను గనక! నీకంటే సిగ్గు నాకు. ఇవాళే మొదలు," అన్నారు జాకెట్టు సర్దుకుంటూ.

పిన్నీసు తీసి ఆవిడ చేతిలో పెట్టి నీళ్ళలోకి దిగాను. మళ్ళీ పెట్టుకోలేదు.

నలభై దాటాను. ఇప్పటికీ నా గీత చూసి చూపు తిప్పుకునేవాళ్ళున్నారు. వాళ్ళను చూసినప్పుడు గీత గురించి సిగ్గు వేయదు. మొదటిసారి ధైర్యం చేసి చూపించిన ఆ మామ్మగారి ముందు నేను తిప్పుకున్న తల గుర్తొస్తుంది. అప్పుడు వేస్తుంది సిగ్గు.