అత్తగారు విప్పి చూడని కుండ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందంటారు మా ఇంట్లో వాళ్ళు. ఒప్పుకుంటాను. అయితే నా జీవితంలోకెల్లా పెద్ద తప్పు నేను కోపంలో చెయ్యలేదు, సిగ్గుతో చేశాను. దాన్ని దాచుకోవడానికి మాత్రం కోపం బాగా పనికొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మేం ఘాజియాబాద్‌లో అద్దెకుండేవాళ్ళం. నేను ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాని. నా భార్య ఢిల్లీకి ఆ చివర జనక్‌పురిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నర్సు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. అటువైపు ఇల్లు చూసుకుందామే అంటే వినేది కాదు. మాది కింది వాటా, వెనకాల నాలుగడుగుల మట్టినేల ఉండేది. అందులో ఓ కరివేపాకు మొక్క వేసుకుంది. అటు వెళితే మూడో అంతస్తులో పడేస్తారు, అక్కడ నేలెక్కడిది అనేది.

తొలి కాన్పుకి మా అత్తగారు వచ్చింది. బాపట్ల దగ్గర పల్లెటూరు ఆవిడది. భర్త లేడు, ఒక్కతే కూతురు. ఊళ్ళో చాలామందికి పురుళ్ళు పోసిన చెయ్యి. రైల్లో దారి పొడుగునా, పాత చీరలో చుట్టిన ఒక చిన్న మట్టికుండని ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

"ఇదెందుకండీ ఇంత దూరం మోసుకొచ్చారు, ఇక్కడ కుండలు దొరకవా?" అన్నాను.

"దొరుకుతాయి బాబూ. మనకి తెలిసినవాళ్ళు చేసిందైతే బాగుంటుందని," అంది.

ఆ కుండ మావి కోసం. బిడ్డ పుట్టాక పడే మావిని మా వైపు ఊరికే పారెయ్యరు. కొత్త కుండలో పెట్టి, మూతికి గుడ్డతో వాసెన కట్టి, పెరట్లో మోకాల్లోతు గొయ్యి తీసి, పసుపూ ఉప్పూ వేపాకూ వేసి పాతిపెడతారు. ఆ తర్వాత పదకొండు రోజులూ బిడ్డకీ బాలింతకీ ఆ చోటనే నీళ్ళు పోస్తారు. కుండలో పెట్టేటప్పుడు బొడ్డుతాడు ఉన్న వైపు పైకి ఉండాలి. బోర్లా పెడితే ఆ తల్లికి మళ్ళీ కడుపు నిలవదంటారు. ఆవిడ ఇవన్నీ కూరలు తరుక్కుంటూ చెబుతుంటే నేను పేపరు అడ్డం పెట్టుకుని వినేవాణ్ణి. ఆదివారం చర్చికెళ్ళే వాళ్ళకి ఇవేం నమ్మకాలండీ అని ఓసారి వెటకారం కూడా చేశాను.

"ప్రభువుకి దీంతో ఏం తగువు లేదులెండి," అంది ఆవిడ. "తొమ్మిది నెలలు పిల్లకి అన్నం పెట్టేది ఇదే కదా. పని అయిపోయిందని చెత్తలో పారేస్తామా?"

నర్సింగ్ హోమ్‌లో మావిని పసుపు రంగు సంచిలో వేసి కాల్చడానికి పంపేస్తారు, అది రూలు. నా భార్య ఏళ్ళ తరబడి తన చేతుల్తో తనే అలా వేసింది. అయినా అమ్మ అడిగిందని, తనతో పనిచేసే మలయాళీ సిస్టర్‌ని బతిమాలి ఒప్పించింది.

ఒక మంగళవారం తెల్లారాక నొప్పులు మొదలయ్యాయి. అత్తగారు గబగబా చీర మార్చుకుని వచ్చింది. టాక్సీలో చోటుంది. నేనే వద్దన్నాను. "గొయ్యి తియ్యాలన్నారుగా, అది చూసుకోండి," అన్నాను. కంగారులో ఎవరో ఒకరి మీద కసరడం నాకలవాటు. ఆవిడ లోపలికెళ్ళి కుండ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, టాక్సీ తలుపు తనే వేసింది.

పదింటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. ఇంటివాళ్ళ ఫోనుకి చేసి అత్తగారికి చెప్పాను. మధ్యాహ్నం సిస్టర్ కుండ తెచ్చి నా చేతికిచ్చింది. మూతికి బ్యాండేజీ గుడ్డ గట్టిగా కట్టి ఉంది. "మీ అత్తగారు చెప్పినట్టే పెట్టాను, సీదా పట్టుకోండి భయ్యా," అంది. గుడ్డసంచిలో పెట్టుకుని బస్సెక్కాను. టాక్సీ చేసుకుని ఉంటే ఇవాళ ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. ఒక్కణ్ణే కదా, బస్సు చాల్లే అనుకున్నాను.

జూన్ నెల, బస్సు కిక్కిరిసి ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. కొత్త కుండ చెమరుస్తుందని చిన్నప్పట్నించీ చూస్తున్నవాణ్ణే, ఆవేళ బుర్రకి తట్టలేదు. కాసేపటికి ప్యాంటు తడిగా తగిలింది. చూస్తే ఎరుపు. పక్క సీటు పెద్దాయన లేచి నిలబడ్డాడు. "భయ్యా, ఇందులో ఏముంది?" అన్నాడు. "మంగళవారం పూట మాంసమా?" అని వెనకనించి ఇంకెవరో. అక్కడ చాలామంది మంగళవారం మాంసం ముట్టరు. నా కూతురిది, ఇవాళే పుట్టింది అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆ బస్సులో ఎంతమంది తల్లులున్నారో, ఎవరో ఒకరు అర్థం చేసుకునేవాళ్ళు. నేను తలొంచుకుని, "అవును, మటన్," అన్నాను.

కండక్టరు ధౌలా కువాన్ దగ్గర దిగిపొమ్మన్నాడు. తల కొట్టేసినట్టయింది. అక్కడ రోడ్డు పనేదో జరుగుతోంది, ఎక్కడ చూసినా తవ్వి పోసిన మట్టిగుట్టలు. ఆ ప్యాంటుతో, ఆ సంచితో ఇంకో రెండు బస్సులు మారి ఇంటికి చేరడం నా వల్ల కాదనిపించింది. ఎవరైనా పోలీసు ఆపితే? పసికందుల్ని పారేసేవాళ్ళ గురించి పేపర్లో చదువుతూనే ఉన్నాను. గుట్టల వెనక్కి వెళ్ళి, వాసెన విప్పి, మొహం పక్కకి తిప్పుకుని కుండ వంచేశాను. పడిన చప్పుడు వినబడింది. అటు చూడలేదు. పనివాళ్ళ డ్రమ్ములో నీళ్ళతో కుండ కడిగి, ప్యాంటు కడుక్కుని, బరువు కోసం తడిమట్టి నింపి, మళ్ళీ అదే గుడ్డ కట్టాను. ఇంతా పది నిమిషాల పని.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు స్నానం చేసి, పసుపూ ఉప్పూ వేపాకూ పళ్ళెంలో పెట్టుకుని గొయ్యి పక్కన కూచునుంది. గొయ్యి తనే తవ్వింది. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. "పిల్ల ఎవరి పోలిక బాబూ?" అని అడుగుతూనే కుండ అందుకుని వాసెన ముడి మీద చెయ్యి వేసింది. "ఒక్కసారి చూసి పెడతాను, బొడ్డు పైకుందో లేదో."

నేను అరిచాను. "హాస్పిటల్ వాళ్ళు కట్టింది విప్పుతారా? పిల్లకి ఏదైనా అంటుకుంటే ఎవరిది పూచీ? మీకు తెలిసినంత వాళ్ళకి తెలీదనుకుంటున్నారా?"

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "అలాగే బాబూ. చదువుకున్నవాళ్ళు, సరిగ్గానే పెట్టుంటారు," అని కుండని గోతిలోకి దించింది. పసుపూ ఉప్పూ చల్లింది. కళ్ళు మూసుకుని, పిల్లని ఇన్నాళ్ళూ కాపాడినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. నేను పక్కనే నిలబడి ఆమెన్ అన్నాను.

పదకొండు రోజులూ ఆ మట్టి మీదే నీళ్ళు పోశారు. మంచాలు అడ్డం పెట్టి, చీరలు చుట్టూ కట్టి, నా భార్యని పీట మీద కూచోబెట్టి ఆవిడ పోసేది. పిల్లని కాళ్ళ మీద వేసుకుని రుద్దుతూ ఆ పిల్లకి ఏవేవో కబుర్లు చెప్పేది. నేను ఆ రోజుల్లో ఆఫీసుకి ముందే వెళ్ళిపోయేవాణ్ణి.

పిల్లకి మూడేళ్ళు నిండాక నా భార్యకి మళ్ళీ నెల తప్పింది. అయిదో నెలలో పోయింది. ఏడాది తిరక్కుండా ఇంకోటి. అది ఆరో నెలలో. గర్భసంచి మూతి బలహీనంగా ఉంది, కుట్టు వేసినా నిలవలేదు అని డాక్టరమ్మ చెప్పింది. నర్సు కదా, ఆ సంగతి నా భార్యకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటిది పోయినప్పుడు అత్తగారు ఫోన్లో, "నాదే తప్పమ్మా, నేను విప్పి చూసుకోవాల్సింది, బోర్లా పడుంటుంది," అని ఏడిస్తే, "ఊరుకో అమ్మా, అవేం మాటలు," అని తనే ఓదార్చింది. రెండోదీ పోయాక చదువుకున్నదేమీ తనకి అక్కరకి రాలేదు. నర్సింగ్ హోమ్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, "ఊళ్ళో అందరికీ పురుళ్ళు పోసింది, కన్నకూతురిది ఒక్కసారి విప్పి చూడలేకపోయింది," అంది. ఊరినించి అప్పుడే వచ్చిన వాళ్ళమ్మ ఆ గది గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆ మాట విన్నది. నేనూ విన్నాను.

మర్నాడు శనివారం, మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. నా భార్య ఇంకా నర్సింగ్ హోమ్‌లోనే ఉంది. ఇంటి వెనకనించి ఖణేల్ ఖణేల్‌మని చప్పుడు. ఇంటివాళ్ళు కిందటేడే ఆ నాలుగడుగులూ సిమెంటు చేయించేశారు. అత్తగారు ఎండలో చతికిలబడి గునపంతో ఆ సిమెంటు పొడుస్తోంది. అరవై దాటిన మనిషి. మా పాప గుమ్మంలో కూచుని, "నానీ, క్యా కర్ రహీ హో?" అని, ఏం చేస్తున్నావు అమ్మమ్మా అని హిందీలో అడుగుతోంది. "తిన్నగా పెడదామని తల్లీ, తిన్నగా పెడితే సరిపోతుంది," అంటోంది ఆవిడ.

గునపం లాక్కున్నాను. పాపని లోపలికి పంపి మొత్తం చెప్పేశాను. బస్సు, మటన్ అన్న మాట, మట్టిగుట్టలు, అన్నీ. నన్ను చెప్పుచ్చుక్కొట్టండి అన్నాను. ఆవిడ ఊడొచ్చిన సిమెంటు పెచ్చులు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది.

"మీద మట్టన్నా కప్పారా బాబూ?" అంది చివరికి.

"లేదండీ."

అంతసేపూ ఏడవని మనిషి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి లేచి మొహం కడుక్కుని వచ్చింది. "అమ్మాయితో అనకండి," అంది.

"చెప్పాలి కదండీ. తను మిమ్మల్ని అన్యాయంగా..."

"నేను తల్లిని. నా మీద కోపమొస్తే ఏమవుతుంది, ఊరెళ్ళిపోతాను. మీరిద్దరూ ఒక కంచం దగ్గర కూచోవాలి. పిల్లుంది. అనకండి బాబూ."

కాదండీ, చెప్పే తీరతాను అని నేను పట్టుబట్టినట్టు రాసుకోవాలని ఉంది. పట్టుబట్టలేదు. గుండెల మీంచి బరువు దిగిపోయింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. సోమవారం నా భార్య ఇంటికొచ్చి పగిలిన సిమెంటు చూసి ఇదేమిటంది. "నేనేనమ్మా, సరిచేద్దామని," అంది అత్తగారు. "ఇప్పుడా సరిచేసేది? ఇంకేం మిగిలిందని? నువ్వు వెళ్ళిపో అమ్మా," అంది నా భార్య. నేను అక్కడే కుర్చీలో కూచుని పాప చెప్పుల పట్టీ సరిచేస్తున్నాను. అత్తగారు నా వంక చూడను కూడా చూడలేదు. చూస్తే నేనెక్కడ బయటపడతానో అనుకుని ఉంటుంది.

మర్నాడు ఆవిణ్ణి రైలెక్కించాను. ఆ తర్వాత తల్లీకూతుళ్ళ మధ్య క్రిస్మస్‌కి ఒక ఫోను, ఈస్టర్‌కి ఒక ఫోను, అంతే. మధ్యమధ్య నేను ఆఫీసునించి చేసేవాణ్ణి. అమ్మాయి తింటోందా, పాప ఎన్నో క్లాసు అని అడిగేది. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "అనలేదుగా బాబూ?" అనేది. లేదండీ అనేవాణ్ణి. హమ్మయ్య అనేది ఆవిడ, నేనేదో మేలు చేస్తున్నట్టు.

మూడేళ్ళకి ఆవిడ పోయింది. పక్కింటివాళ్ళు కబురు చేస్తే ముగ్గురం వెళ్ళాం. ఊళ్ళో చర్చి వెనకాల సమాధి చేశారు. నా భార్య ఏడవలేదు. పిడికెడు మట్టి వేసి చాలాసేపు కదలకుండా నిలబడింది.

తిరుగు ప్రయాణంలో రైలు నాగపూర్ దాటింది. మధ్యాహ్నం, పాప పై బెర్తు మీద నిద్రపోతోంది. నా భార్య కిటికీలోంచి చూస్తూ, "అమ్మని క్షమించేశానండీ," అంది. "మట్టి వేసేటప్పుడే అనుకున్నాను. పాపం, కావాలని చేసిందా ఏమన్నా."

మంచిపని చేశావు అన్నాను.