తొలిచూలు కొడుకు పేరు

కంపెనీ బస్సులో ఏసీ గాలి ఎప్పుడూ నా నడినెత్తి మీదే పడేది. దోహా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో ఎక్కింది మొదలు మెసయీద్ ఫ్యాక్టరీల దగ్గర దిగేదాకా చల్లదనం అందరిదీ, జలుబు నాదీ. డ్రైవరుతో మొరపెట్టుకుంటే "యల్లా, కూర్చో" అనేవాడు. తొంభైల మధ్యలో నాకున్న కష్టాల్లో ఇదే పెద్దదని చెప్పుకోవడానికి కొంచెం మొహమాటంగానే ఉంది.

పక్క సీట్లో నైజీరియా ఉత్తరాది మనిషి ఒకడు కూర్చునేవాడు. తండ్రి హౌసా రైతు. తల్లి పశువుల్ని మేపుకునే ఫులానీల ఆడపడుచు. ఎరువుల ప్లాంటులో మా ఇద్దరిదీ ఒకే షిఫ్టు, విల్లాలో ఒకే గది. నా జోకులకి అందరూ నవ్వి ఊరుకున్నాక అతను నవ్వేవాడు. ఒక ఏడు సెలవులకి "మా ఊరు రా" అన్నాడు. ఇంటి దగ్గర నాకు సంబంధాలు చూస్తున్నారు. ఇండియా కన్నా ఆఫ్రికాయే దగ్గరనిపించింది.

ఊరికి వెళ్లే లారీలో ఒక సంగతి చెప్పాడు.

"నేను మా అమ్మకి తొలిచూలు. నలుగురిలో ఆమె నా పేరు పలకదు, నా మొహం చూడదు, నాతో మాట్లాడదు. మాకది సిగ్గు, మర్యాద. నువ్వేమీ అనుకోకు."

నేనెందుకు అనుకుంటాను? మా నాయనమ్మ తాతయ్య పేరు పలక్కుండానే కాపురమంతా గడిపేసింది. జనాభా లెక్కల మనిషి వచ్చి ఇంటి యజమాని పేరు అడిగితే, పక్కింటావిడను పిలిచి చెప్పించింది. ఇది నాకు తెలిసిన సిగ్గేలే అన్నాను.

సజ్జ కోతలు అయిపోయాయి. హౌసా రైతుల చేలల్లో ఫులానీల ఆవులు మోళ్లు మేస్తున్నాయి. మేత ఆవులకి, పేడ చేనుకి. మా వైపు గొర్రెల మంద కట్టించుకున్నట్టే. యూరియా తయారుచేసే ఇద్దరం ఆ పేడ తొక్కకుండా జాగ్రత్తగా అడుగులేసుకుంటూ ఊళ్లోకి నడిచాం.

వేపచెట్టు కింద చాప పరిచారు. మగవాళ్ల మధ్య అతను తలవంచుకుని కూర్చున్నాడు. వాళ్లమ్మ అతనికి వీపు పెట్టి నా ఎదురుగా కూర్చుంది. సజ్జముద్ద పిసికిన మజ్జిగ సొరబుర్రలో పోసి నా చేతికిచ్చింది. చిన్నకొడుకు బడిపంతులు. ఆవిడ మాటలు నాకు ఇంగ్లీషులో, నా మాటలు ఆవిడకి వాళ్ల భాషలో చెప్పే పని అతనిది.

"ఎక్కడ పడుకుంటావు నాయనా?"

"గదిలోనే అమ్మా. గురక మా బదులు ఏసీ పెడుతుంది."

జనం నవ్వారు.

"కడుపునిండా తింటావా?"

"వండేది మేమే కదా, నిండకముందే లేచిపోతాం."

ఇంకా గట్టిగా నవ్వారు. కాలేజీ వార్షికోత్సవం తర్వాత నవ్వేవాళ్లు నాకంత మంది దొరకలేదు.

"ఆ ఫ్యాక్టరీలో పని ఎలాంటిది?"

ఇక ఆగుతానా? అమ్మోనియా లీకైన రోజు ఎత్తుకున్నాను. మా సూపర్‌వైజరు సైకిలెక్కి, స్టాండు తీయకుండానే ప్రాణభయంతో తొక్కిన వైనం నటించి చూపించాను. ముసలివాళ్లు కూడా తొడలు చరుచుకున్నారు. ఆవిడొక్కతే నవ్వలేదు.

"నీ పక్క మంచం మనిషి? ఆయనా పరుగెత్తాడా?"

"వాడా! అందరూ బయటికొస్తుంటే వాడు లోపలికెళ్లాడమ్మా, వాల్వు కట్టేయడానికి. ఆస్పత్రిలో దగ్గుతూ పడుకుని, అక్కడా నా జోకుకి ఆలస్యంగానే నవ్వాడు."

పంతులు ఈ మాట తర్జుమా చేయకుండా అన్న వైపు చూశాడు. అన్న నేలను చూస్తున్నాడు. జోకు చల్లారిపోతుందని నా తొందర నాది.

"చెప్పండి మాస్టారూ," అన్నాను.

చెప్పాడు.

ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది.

"అన్నయ్య ఆఫీసులో కాగితాలు రాస్తాడని అనుకుంటోంది," అన్నాడు పంతులు నెమ్మదిగా.

అప్పుడు వెలిగింది నాకు. ఆ పడక, ఆ తిండి, ఆ పని, ఒక్కటీ నా గురించి అడిగినవి కావు. రెండేళ్లకొకసారి వచ్చే కొడుకు యోగక్షేమాలు నన్ను అడ్డం పెట్టుకుని కనుక్కుంటోంది. నేనేమో నా మీద అభిమానమనుకున్నాను. మజ్జిగ ఇంకా సగం ఉంది. తాగాలో, దించాలో తెలియలేదు.

మర్నాటి నుంచి ఆవిడ చాప మీదకి రాలేదు. అతని మేనమామ చేత కొడుక్కి కబురు పంపింది: వెళ్లొద్దు, ఉన్న చేను చాలు. అతనూ మేనమామ చేతే జవాబు పంపాడు: తమ్ముళ్ల చదువులున్నాయి, నాన్న మందులున్నాయి, వెళ్లక తప్పదు. మధ్యలో నేను ప్లాంటులో భద్రతా ఏర్పాట్ల గురించి నాలుగు ముక్కలు చెప్పబోయాను. పంతులు తర్జుమా చేయలేదు.

బయల్దేరే పూట ఆవిడ గడప దాటలేదు. అతను ఆ గుమ్మానికి వీపు పెట్టి, లారీవాడు హారన్ కొడుతున్నా కదలకుండా నిలబడ్డాడు.

దోహాలో విల్లాకి చేరి పెట్టెలు దించామో లేదో, మూడో మంచం కరీంనగర్ కుర్రాడు ఎగిరి కూర్చున్నాడు.

"అన్నా, ఆఫ్రికా ఎట్లుండె? గాడ గూడ జోకులేసినవా?"

నేను బూట్ల లేసులు విప్పుకోవడంలో మునిగిపోయాను. మావాడికి తెలుగు రాదు గానీ జోకులన్న మాట తెలుసు. బట్టలు సర్దుకుంటూ, తల తిప్పకుండా ఇంగ్లీషులో జవాబిచ్చాడు.

"వేశాడు. ఊరంతా నవ్వింది. మా అమ్మకే ఇక నిద్ర పట్టదు."